నేల గట్టిదైతే మనిషీ గట్టివాడేనా?

హోస్ట్: మేడం, పాతకాలం గ్రీకు చరిత్రకారులు నేలను చూసి మనుషుల గుణం చెప్పేసేవారట. నిజమేనా?

గెస్ట్: నిజమేనండి. వాళ్లలో ఒకడైన హెరోడోటస్ రాసిన చరిత్ర ముగిసేదే ఆ మాటతో. పర్షియన్లు, అంటే ఇప్పటి ఇరాన్ వాళ్లు, తమ రాజు సైరస్ దగ్గరికెళ్లి, మనది చిన్న దేశం, అంతా రాళ్లూ గుట్టలే, ఎక్కడైనా మంచి నేల చూసుకుని వెళ్లిపోదాం అంటారు. ఆయన వద్దనడు. వెళ్లండి, కానీ ఇకపై ఏలడం మానేసి ఒకరి కింద బతకడానికి సిద్ధపడండి అంటాడు. మెత్తటి నేలలో మెత్తటి మనుషులే పుడతారని ఆయన లెక్క. వాళ్లు ఆగిపోయారు.

హోస్ట్: అంటే గట్టివాళ్లుగానే మిగిలారన్నమాట.

గెస్ట్: అదే కదా తమాషా! సైరస్ ముచ్చట చాలా ఏళ్ల కిందటిదైనా పుస్తకం చివర్లో వస్తుంది. దానికి కొన్ని పేజీల ముందే, క్రీ.పూ. 479లో గ్రీసు మీదికి దండెత్తిన పర్షియన్లు అక్కడి ప్లటేయా దగ్గర ఓడిపోయాక, గ్రీకు రాజ్యమైన స్పార్టా సేనాని పౌసానియస్ శత్రువు గుడారంలోకి వెళ్తాడు. బంగారు, వెండి మంచాలు, బల్లలు! వాళ్ల వంటవాళ్లతో వాళ్లు రోజూ తినే విందు చేయించి, పక్కనే స్పార్టా భోజనం పెట్టించాడు. రెండూ చూసి నవ్వాగలేదు. ఇంత తినేవాళ్లు మా పేదరికాన్ని దోచుకోవడానికి వచ్చారా అని. చూడండి, పర్షియన్లు సొంత నేల వదల్లేదు, అయినా మారిపోయారు. ఆ సిద్ధాంతానికి హెరోడోటస్ తనే గండి కొట్టాడని నాకనిపిస్తుంది.

హోస్ట్: వేరే కారణం ఎవరైనా చెప్పారా?

గెస్ట్: గ్రీకు వైద్యుడు హిప్పోక్రటీస్ పేరున ఉన్న ఒక వైద్యగ్రంథం చెప్పింది. ఆసియాలో, అంటే గ్రీసుకు తూర్పున వాళ్లెరిగిన దేశాల్లో, రుతువులు పెద్దగా మారవు కాబట్టి జనం యుద్ధానికి పనికిరారంటుంది. అక్కడితో ఆగదు. వాళ్లు రాజుల కింద ఉన్నారు, ప్రాణం వీళ్లది, లాభం దొరది, ఇక ఎందుకు పోరాడతారు? అదే ఆసియాలో రాజు పెత్తనం లేనివాళ్లు అందరికంటే వీరులట. ఆ మాట ముందు వాతావరణం కబుర్లన్నీ తేలిపోతాయి.

హోస్ట్: మరి రోమన్లు?

గెస్ట్: రాజకీయాల్లోకి లాగారు. క్రీ.పూ. 63లో ఇటలీలోని కాపువా నగరం వైపు పొలాలు పంచే బిల్లును అడ్డుకుంటూ రోమన్ నాయకుడు సిసెరో ఏమన్నాడు? అక్కడ పంట బాగా పండుతుంది కాబట్టి జనానికి పొగరు అన్నాడు. ఉత్తరాఫ్రికా తీరంలోని కార్తేజ్ నగరం వాళ్లనైతే, వర్తకులు వచ్చిపోయే రేవులు మోసగాళ్లను చేశాయట.

హోస్ట్: మన గురించి ఎవరూ రాయలేదా?

గెస్ట్: 7వ శతాబ్దంలో వచ్చిన హుయాన్‌త్సాంగ్ రాశాడు. చరిత్రకారుడు కాదు, చైనా బౌద్ధ యాత్రికుడు. కానీ వరస అదే: నేల, ఎండ, తర్వాత మనుషులు. ఆంధ్రదేశంలో నేల సారవంతం, ఎండ ఎక్కువ, జనం దుడుకువాళ్లు అన్నాడు.

హోస్ట్: అంత మంచి నేలైనా మెత్తబడలేదన్నమాట!