లంగరు పట్టిందా?

శ్రోతలకు నమస్కారం. ఈ పూట మీకు ఒక రాత్రి గురించి చెప్పాలనుకుంటున్నాను. ముందు ఆ చోటు ఎలా ఉంటుందో చెప్పాలి.

పసిఫిక్ మహాసముద్రంలో, ఫ్రెంచ్ పాలినేషియాలో మార్కెసాస్ దీవులున్నాయి. వాటిలో జనం ఉండే దీవుల్లో అన్నిటికన్నా దక్షిణాన ఉన్నది ఫాటు హివా. జనాభా సుమారు 600. విమానం దిగే చోటే లేదు. 1595లో స్పెయిన్ నావికుడు మెండాన్యా ఈ దీవుల్లో మొదట చూసింది దీన్నే. దక్షిణ అమెరికా పక్కనున్న గలాపగోస్ దీవుల నుంచి తెరచాప మీద వస్తే దాదాపు 3,000 నాటికల్ మైళ్లు. నేనూ నా మిత్రుడూ అలాగే వచ్చాం. హివా ఓవా దీవిలోని అటువోనాలో ప్రవేశానికి కాగితాలు పూర్తి చేసుకుని, గాలికి ఎదురీదుతూ ఫాటు హివా చేరాం.

అక్కడ హనవావె అని చిన్న అఖాతం ఉంది. ఒడ్డున ఊరు, ఊరి వెనక లోయ, లోయకు అటూ ఇటూ ఆకాశంలోకి లేచిన రాతి స్తంభాలు. అఖాతం పడమటికి తెరుచుకుని ఉంటుంది కాబట్టి సాయంత్రపు ఎండ నేరుగా ఆ రాళ్ల మీద పడుతుంది. బూడిద రంగు రాయి బంగారం అవుతుంది, తర్వాత వంకాయ రంగుకు తిరుగుతుంది. మొదటి సాయంత్రం మేమిద్దరం మాట్లాడుకోనే లేదు. చూస్తూ కూర్చున్నాం.

ఇక ఆ రాత్రి.

అంత అందమైన చోటు లంగరుకు మాత్రం మంచిది కాదు. దీవి చుట్టూ పగడపు గోడ లేదు, అలలు లోపలి దాకా వస్తాయి. ఒడ్డు దాటగానే లోతు గబగబా పెరుగుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, గాలి. తూర్పు గాలి కొండ మీదికెక్కి లోయలోంచి ఒక్కసారిగా కిందికి దూకుతుంది. పది నిమిషాలు చప్పుడుండదు. ఆ తర్వాత వచ్చే విసురుకి పడవ పక్కకు ఒరిగిపోతుంది.

మేము 12 మీటర్ల లోతులో 60 మీటర్ల గొలుసు వదిలాం. లోతుకు ఐదింతలు. చాలనుకున్నాం. రెండో రాత్రి నిద్రలో నాకు ఒక చప్పుడు వినిపించింది. గరగర. ఆగింది. మళ్లీ గరగర. బయటికొచ్చి అణియం దగ్గర, అంటే పడవ ముందు భాగంలో, గొలుసు మీద అరిచేయి పెట్టాను. గొలుసు వణుకుతోంది! పట్టిన లంగరు గొలుసు బిగుసుకుంటుంది, సడలుతుంది. ఇలా వణకదు. రాళ్ల మీద ఈడ్చుకుపోతున్న లంగరే అలా వణుకుతుంది.

"లేరా, జారుతున్నాం!" అని అరిచాను.

గాలి మమ్మల్ని ఒడ్డు మీదికి కాదు, బయటి సముద్రంలోకి నెడుతోంది. అది మేలే కదా అనిపిస్తుంది. కాదు. బయటికి పోయేకొద్దీ లోతు పెరుగుతుంది, లోతు పెరిగేకొద్దీ అదే గొలుసు పొట్టిదైపోతుంది, లంగరు పట్టు ఇంకా సడలుతుంది. ఇంజన్ వేసి గొలుసు లాగితే లంగరు కొక్కెంలో తలకాయంత రాయి ఇరుక్కుని ఉంది. ఇక మట్టిలో ఎలా దిగుతుంది? రాయిని కొట్టి వదిలించి, ఒడ్డుకి దగ్గరగా మళ్లీ వేశాం. ఈసారి ఇంజన్‌ను వెనక్కి నడిపి, గొలుసు బిగిసి నిలబడేదాకా చూశాం.

మీలో ఎవరైనా ఎప్పుడైనా పడవలో లంగరు వేస్తే ఇదొక్కటి గుర్తుంచుకోండి. లంగరు వేయగానే ఒడ్డున రెండు గుర్తులు ఎంచుకోండి. ఒకటి ముందు, ఒకటి దాని వెనక, రెండూ ఒకే వరసలో. మేము పగలు ఒక కొబ్బరి చెట్టును, దాని వెనక రాతి స్తంభాన్ని పెట్టుకున్నాం. రాత్రికి ఊళ్లో దీపాన్ని, దాని వెనక నల్లగా కనిపించే కొండ అంచును పెట్టుకున్నాం. పడవ గొలుసు మీద అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి వరస కాస్త చెదురుతుంది, మళ్లీ కుదురుతుంది. చెదిరి కుదురుకుంటే పరవాలేదు. చెదిరి మళ్లీ కుదరకపోతే మీరు జారుతున్నట్టే. అలా ఒక్కవైపే చూసుకోకుండా, పక్కన మరో జంట కూడా పెట్టుకోండి. పడవ జారితే మోగేలా ఫోన్‌లో అలారం పెట్టుకోవచ్చు, మేమూ పెట్టుకున్నాం. కానీ కంటితో చూసిన నమ్మకం వేరు.

మర్నాడు పొద్దున్నే ఊళ్లోకి వెళ్లాం. ఒక పెద్దావిడ "కవోహా" అని పలకరించింది. అక్కడ నమస్కారం అలా చెబుతారు. మా దగ్గర మిగిలిన తాడు ముక్క ఇస్తే, ఒళ్లో పట్టనన్ని పంపర పనసకాయలిచ్చింది. ఆ దీవుల్లో ఆ కాయ ఎంత తియ్యగా ఉంటుందో చెప్పలేను.

సాయంత్రం పడవ మీద కూర్చుని ఒకటి వలిచాను. లోయలోంచి గాలి మళ్లీ దూకింది. పడవ పక్కకు తిరిగింది, గొలుసు బిగిసింది. తలెత్తి చూశాను. కొబ్బరి చెట్టు స్తంభాన్ని దాటి కాస్త జరిగింది. గాలి తగ్గాక మెల్లగా వెనక్కి వచ్చి దాని ముందే నిలబడింది.