డెనిస్ పాటర్ మూడుసార్లు చెప్పిన ఒకే అబద్ధం

ఒక తరగతి గది. పిల్లల వేషాలన్నీ పెద్దవాళ్ళే వేశారు. గదిలో ఉండాల్సిన డాఫోడిల్ పువ్వు కనబడటం లేదు. తీసింది నైజెల్, క్లాసులో అందరికంటే తెలివైన పిల్లాడు. టీచర్ వాడిని లేపి నిలబెట్టి అడుగుతుంది. భయంతో నోరు ఎండిపోతుంది వాడికి. ఆ పువ్వు జార్జీ దగ్గర చూశానని చెప్పేస్తాడు. అంతే, మిగతా పిల్లలు కూడా ఒకరి తర్వాత ఒకరు మేమూ చూశాం అంటారు. ఏ పాపమూ ఎరగని జార్జీ దెబ్బలు తింటాడు.

ఈ సీను 1965 డిసెంబర్‌లో బీబీసీలో వచ్చిన ‘స్టాండప్, నైజెల్ బార్టన్’ నాటకంలోది. రాసింది డెనిస్ పాటర్. సినిమాలకు వెళ్ళే ముందు మెట్టుగా కాకుండా, టీవీనే తన చోటుగా ఎంచుకుని జీవితమంతా ముఖ్యంగా దానికోసమే రాసిన ఇంగ్లిష్ రచయిత. ఆయన పేరెత్తితే చాలామంది పాటల గురించో వివాదాల గురించో మాట్లాడతారు. నాకు మాత్రం ఆయన రాసినవాటికి తల్లివేరు ఈ తరగతి గదిలో ఉందనిపిస్తుంది. ఈ వీడియోలో దాన్నే పట్టుకుని వెళ్దాం.

పాటర్ 1935లో పుట్టాడు. ఊరు బెర్రీ హిల్, ఇంగ్లండ్ పశ్చిమాన గ్లాస్టర్‌షైర్‌లో ఫారెస్ట్ ఆఫ్ డీన్ అనే అడవి ప్రాంతం. చుట్టూ చెట్లు, కింద బొగ్గు. తండ్రి గని కార్మికుడు. కొడుకు చదువులో దూసుకుపోయి ఆక్స్‌ఫర్డ్‌లో సీటు తెచ్చుకున్నాడు. అక్కడ చదువుతుండగానే, 1958లో, సమాజంలో వర్గభేదాల మీద బీబీసీ తీసిన ఒక కార్యక్రమంలో కనిపించాడు. ఇంట్లో ఒక రకంగా, కాలేజీలో ఇంకో రకంగా బతకాల్సి రావడం గురించి మనసు విప్పి మాట్లాడాడు. ఒక పత్రిక దాన్ని, గని కార్మికుడి కొడుక్కి ఇంటిని చూస్తే సిగ్గు అన్నట్టు వేసింది.

ఆ గాయాన్ని ఆయన నైజెల్ కథలో పెట్టాడు. పెద్దయిన నైజెల్ కూడా టీవీలో కూర్చుని తన ఊరి గురించి, తన వర్గం గురించి చెబుతాడు. ఆ ప్రోగ్రామ్‌ను అమ్మానాన్నలు ఇంట్లో కూర్చుని చూస్తుంటారు. నాన్నకు ప్రతి మాటా గుచ్చుకుంటుంది. పువ్వు విషయంలో జార్జీని ఇరికించినవాడే ఇప్పుడు కన్నవాళ్ళను నలుగురి ముందు నిలబెట్టాడు. ఈ రెండు సీన్లు ఒకే నాటకంలో ఉండటం కాకతాళీయం కాదని నా నమ్మకం.

1964లో పాటర్ ఈస్ట్ హర్ట్‌ఫర్డ్‌షైర్ నుంచి లేబర్ పార్టీ తరఫున పార్లమెంటుకు పోటీ చేసి ఓడిపోయాడు. అప్పటికే జబ్బు మొదలైంది. సోరియాసిస్, దాంతోపాటు వచ్చే కీళ్ళవాతం. చర్మం పొలుసులుగా రాలేది, కీళ్ళు బిగుసుకుపోయేవి. వేళ్ళు పిడికిలిలా ముడుచుకుపోతే పెన్ను చేతికి కట్టుకుని రాశాడు. రాజకీయాలు ఇక కుదరవు. మిగిలింది టీవీ. దాన్ని ఆయన తక్కువగా చూడలేదు. నాటకశాలకు ఎవరు వెళ్తారో ఆయనకు తెలుసు. టీవీ అయితే గని కార్మికుడూ ప్రొఫెసరూ ఒకే రాత్రి, ఒకే గంటలో ఒకే కథ చూస్తారు. ఆయనకు కావలసింది అదే.

1978లో ‘పెన్నీస్ ఫ్రమ్ హెవెన్’, ఆరు ఎపిసోడ్లు. 1930ల కథ. పాటల నొటేషన్ పుస్తకాలు అమ్ముకునే ఆర్థర్‌గా బాబ్ హాస్కిన్స్ వేశాడు. భార్య దగ్గరికి రానివ్వదు. ఆర్థర్ నోరు తెరుస్తాడు, అందులోంచి ఒక ఆడగొంతు వస్తుంది! పాత రికార్డులోని ఎల్సీ కార్లైల్ పాట. ప్లేబ్యాక్‌తో పెరిగిన మనకు పెదాలు కదపడం కొత్తేమీ కాదు. కానీ మన సినిమాల్లో ఘంటసాల పాడితే ఆ గొంతు హీరోదేనని నమ్ముతాం, నమ్మించడమే అక్కడ పని. పాటర్ ఆ నమ్మకాన్ని కావాలనే తెంపేశాడు. ఆ గొంతు ఆర్థర్‌ది కాదని మనకు తెలుస్తూనే ఉంటుంది. తన మనసులోది చెప్పుకోవడానికి సొంత మాటలు లేని మనిషి, మార్కెట్లో దొరికే పాటను అరువు తెచ్చుకున్నాడు. చవక పాటే కావచ్చు, వాడి ఆశ మాత్రం చవకది కాదు. పాటర్ ఆ పాటల్ని ఎక్కడా వెక్కిరించడు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది ఇక్కడే.

మరుసటి ఏడాది, 1979 జనవరిలో ‘బ్లూ రిమెంబర్డ్ హిల్స్’. యుద్ధకాలం, 1943 వేసవి. ఏడేళ్ళ పిల్లలు పల్లెలో ఆడుకుంటుంటారు. హెలెన్ మిర్రెన్‌తో సహా అందరూ పెద్ద నటులే. చిన్నపిల్లలు వేస్తే ముద్దొచ్చేవాళ్ళు, చేసిందంతా క్షమించేసేవాళ్ళం. పెద్ద ఒంటిలో ఆ క్రూరత్వాన్ని చూస్తే తప్పించుకోలేం. అందరూ ఏడిపించే డొనాల్డ్ ఒంటరిగా పాకలో అగ్గిపుల్లలతో ఆడుతుంటాడు. మిగతావాళ్ళు సరదాకి తలుపు నొక్కి పట్టుకుంటారు. లోపల మంటలు లేస్తాయి. డొనాల్డ్ కాలిపోతాడు. పారిపోయి గడ్డిలో దాక్కున్న పిల్లలు, మేం అసలు అక్కడ లేమని చెప్పాలని ఒక మాట అనుకుంటారు. జార్జీ పేరు చెప్పిన తరగతి గదే ఇది, ఈసారి ఒక ప్రాణం పోయింది.

మూడోసారి 1986లో, ‘ది సింగింగ్ డిటెక్టివ్’లో. ఫిలిప్ మార్లో అనే డిటెక్టివ్ నవలల రచయిత ఆసుపత్రిలో పడి ఉంటాడు. పాటర్‌కున్న జబ్బే అతనికీ. మైకేల్ గాంబన్ ఒళ్ళంతా పుండ్లతో కదలలేని మనిషిగా, కళ్ళతోనూ గొంతుతోనూ ఆరు ఎపిసోడ్లు మోశాడు. వార్డు, అతని నవల, అడవిలో బాల్యం ఒకదానిలోకి ఒకటి జారుతుంటాయి. చిన్నప్పుడు అడవిలో వాళ్ళమ్మ పరాయి మగవాడితో ఉండగా చూశాడు. ఆ తర్వాత బడిలో టీచర్ టేబుల్ మీద మలవిసర్జన చేశాడు. అడిగితే మార్క్ బిన్నీ పేరు చెప్పాడు. ఆ మార్క్ తండ్రే అమ్మతో ఉన్న మనిషి. క్లాసంతా వంత పాడింది, మార్క్‌ని టీచర్ బాదింది. తర్వాత ఆ పిల్లాడి బతుకు పిచ్చాసుపత్రి పాలైంది. ఏళ్ళ తరబడి దాచుకున్న ఈ సంగతిని మార్లో చివరికి సైకియాట్రిస్టు ముందు కక్కేస్తాడు. ఆ తర్వాతే అతని కాళ్ళు అతన్ని నిలబెడతాయి.

1994 ఫిబ్రవరిలో పాటర్‌కు పాంక్రియాస్ క్యాన్సర్ అని తేలింది. మార్చిలో టీవీ వ్యాఖ్యాత మెల్విన్ బ్రాగ్‌కి ఇంటర్వ్యూ ఇచ్చాడు. మధ్యమధ్యలో మార్ఫిన్ గుక్క వేస్తూ, కిటికీ బయట పూసిన తెల్లటి పూల గురించి మాట్లాడాడు. తన ఆఖరి రెండు సీరియళ్ళు ‘కారియోకీ’, ‘కోల్డ్ లాజరస్’ బీబీసీ, ఛానల్ 4 కలిసి వేయాలని అడిగాడు. పోటీ ఛానళ్ళు రెండూ ఒప్పుకుని 1996లో వేశాయి. అప్పటికి ఆయన లేడు. భార్య మార్గరెట్ కూడా క్యాన్సర్‌తోనే 1994 మే 29న పోయింది. తొమ్మిది రోజుల తర్వాత, జూన్ 7న ఆయన పోయాడు. 59 ఏళ్ళు.

కొత్తగా చూసేవాళ్ళు ‘బ్లూ రిమెంబర్డ్ హిల్స్’తో మొదలుపెట్టండి, ఒక్క రాత్రిలో అయిపోతుంది. తర్వాత నైజెల్, ఆ తర్వాత మార్లో. నైజెల్ క్లాసులో టీచర్ ముఖాన్ని బాగా చూసి పెట్టుకోండి. ఆమె జానెట్ హెన్‌ఫ్రీ. ఇరవై ఒక్క ఏళ్ళ తర్వాత మార్లో చిన్ననాటి బడిలో నిలబడి, చేసిందెవరో చెప్పమని అడిగేది కూడా ఆమే.