టబూ ఆట రివ్యూ: ఎదుటి జట్టు కాపలాలో ఒక నిమిషం

నమస్కారం. ఈ వీడియోలో మీరు చూస్తున్న టబూ పెట్టెను ఆటవస్తువులు అమ్మే ఒక దుకాణం వారు నాకు ఉచితంగా పంపించారు. వారు డబ్బు ఇవ్వలేదు, ఏం చెప్పాలో సూచించలేదు; కింద కొనుగోలు లింకు పెట్టమని మాత్రం అడిగారు, పెట్టాను. పెట్టెలో ఎన్ని కార్డులున్నాయి, ధర ఎంత, ఏ వయసు వారికి తగినది వంటి వివరాలను మీరు ఇప్పటికే వేరేచోట చూసి ఉంటారు కనుక వాటి జోలికి వెళ్లను. ఈ ఆటలో నాకు ఎంతో ఇష్టమైన ఒక పాత్ర గురించీ, చూసిన ప్రతిసారీ చికాకు తెప్పించే ఒక వస్తువు గురించీ వివరంగా మాట్లాడతాను.

ఆట ఎరగనివారి కోసం నాలుగు మాటలు. రెండు జట్లుంటాయి. ఒక జట్టులోని ఒకరు కార్డు తీసి, దాని పైభాగంలో ఉన్న పదాన్ని తన జట్టు చేత చెప్పించాలి. అయితే ఆ పదాన్ని గానీ, దాని కింద రాసి ఉన్న నిషిద్ధ పదాలను గానీ పలకకూడదు. ఒక నిమిషంలో ఎన్ని కార్డులు సాధిస్తే అన్ని పాయింట్లు. నిషిద్ధ పదం పలికినా, చెప్పలేక కార్డును వదిలేసినా ఆ పాయింటు ఎదుటి జట్టుకు వెళుతుంది. బ్రయాన్ హెర్ష్ రూపొందించిన ఈ ఆట 1989లో అమెరికాలో విడుదలైంది. ఇప్పుడు అది ఆటవస్తువుల సంస్థ హాస్‌బ్రో వారి చేతిలో ఉంది.

ఇక నాకిష్టమైన పాత్ర. సూచనలిచ్చే వ్యక్తి పక్కనే ఎదుటి జట్టు మనిషి ఒకరు నిలబడి, అదే కార్డును చూస్తూ, నిషిద్ధ పదం నోట పడగానే బజరు నొక్కుతారు. కొన్ని పెట్టెల్లో ఇది బ్యాటరీతో మోగేది, కొన్నింటిలో నొక్కితే కీచుమనేది. పరికరం ఏదైనా, ఆటకు ప్రాణం ఈ కాపలాదారే అని నా అభిప్రాయం. మనమందరం కాలేజీ హాస్టళ్లలో, పెళ్లిళ్లలో, రైలు ప్రయాణాల్లో ఆడిన డంబ్ షరాడ్స్‌ను గుర్తు చేసుకోండి. ఎదుటి జట్టు ఒక కష్టమైన సినిమా పేరు చెవిలో చెప్పేసి, ఆ తరువాత చేతులు కట్టుకుని నవ్వుతూ కూర్చుంటుంది. వారికి అంతకు మించి పని ఉండదు. 2015లో వచ్చిన కోడ్‌నేమ్స్ అనే పదాల ఆటను నేను ఎంతో మెచ్చుకుంటాను, కానీ ఒక జట్టు నాయకుడు ఒక్క మాట సూచన కోసం తల పట్టుకుని ఆలోచిస్తుంటే, మిగిలినవారు వంటింట్లోకి వెళ్లి టీ పెట్టుకుని రావచ్చు. టబూలో ఆ తీరిక దొరకదు. తన వంతు కాని సమయంలోనే కాపలాదారు అందరికంటే అప్రమత్తంగా ఉండాలి, ఎందుకంటే ఒక్క మాట చెవి తప్పి జారిపోతే రావలసిన పాయింటు చేజారిపోతుంది.

ఈ కాపలాకు తగినట్టుగానే నియమాలు కూడా కఠినంగా ఉన్నాయి. పదంలోని భాగాన్ని కూడా వాడకూడదు: కార్డు మీద స్పేస్‌షిప్ ఉంటే స్పేస్ అనకూడదు, షిప్ అనకూడదు. చేతులతో ఆకారాలు చూపకూడదు, జంతువుల అరుపులు, ఇంజను చప్పుళ్లు చేయకూడదు, ఫలానా పదంతో ప్రాస కుదురుతుందని చెప్పకూడదు, టెలివిజన్ నిషిద్ధమైతే టీవీ అని తప్పించుకోకూడదు. మాట్లాడేటప్పుడు చేతులు కట్టేసుకోవడం మనవాళ్లకు ఎంత కష్టమో ఈ ఆట ఆడితే గానీ తెలియదు. మా ఇంట్లో సూచనలిచ్చేవారి చేతిలో ఒక దిండు పెట్టి, దాన్ని వదలకూడదని షరతు పెట్టాం. ఇన్ని నిషేధాల మధ్య ఒక వెసులుబాటు మాత్రం ఉంది. పాట పాడవచ్చు, అయితే మాటలతో పాడాలి. కూనిరాగం తీయడం, ఈల వేయడం కుదరదు. అంత్యాక్షరితో పెరిగిన మనకు ఇది పెద్ద వరం. పల్లవిలో చెప్పించవలసిన పదం దగ్గరికి వచ్చి ఆపితే, మన జట్టువారు ఆలోచించకుండానే ఆ మాట అందుకుంటారు.

చికాకు తెప్పించేది ఇసుక గడియారం. ఒకసారి ఆలోచించండి: సూచనలిచ్చే వ్యక్తి కళ్లు కార్డు మీద ఉంటాయి, కాపలాదారు కళ్లూ దాని మీదే ఉంటాయి, ఊహించేవారు ఎదుటి మనిషి ముఖంలోకి చూస్తుంటారు. మరి బల్ల మీద నిశ్శబ్దంగా జారిపోతున్న ఇసుకను చూసేదెవరు? మిగిలిన ఎదుటి జట్టువారు చూడాలని సమాధానం చెబుతారు, కానీ నలుగురే ఆడుతున్నప్పుడు ఎదుటి జట్టులో మిగిలేది ఒక్కరే, ఆ ఒక్కరు కూడా నవ్వులో మునిగి ఉంటారు. చివరి సమాధానం ఇసుక అయిపోకముందు వచ్చిందా, అయిపోయాక వచ్చిందా అనే తగవు తీరేది కాదు. మాటలతో ఇంత హోరుగా సాగే ఆటలో గడువు ముగిసినట్టు చెప్పే వస్తువుకు గొంతు లేకపోవడం నాకు ఏ విధంగానూ సమంజసంగా తోచదు.

ఇక మీలో చాలామంది అడగబోయే ప్రశ్నకు వస్తాను. కార్డులు ఇంగ్లిషులో ఉంటాయి, మరి తెలుగులో ఆడవచ్చా? ఆడవచ్చు, కానీ నిషిద్ధ పదానికి తెలుగు మాటను కూడా నిషేధించకపోతే ఆట నీరుగారిపోతుంది. వాటర్ అనకూడదన్నచోట నీళ్లు అని చెప్పేస్తే ఇక కష్టమేముంది? అంతకంటే మంచి మార్గం సొంత కార్డులు తయారు చేసుకోవడం. మేము అట్టముక్కలు కత్తిరించి కొన్ని రాసుకున్నాం. పెసరట్టు అనే కార్డు కింద ఉప్మా, అల్లం, దోసె, టిఫిన్, పచ్చడి అని రాశాం. పదంలోని భాగాన్ని వాడకూడదనే నియమం వల్ల పెసలు, అట్టు అనే మాటలు ఎలాగూ పోయాయి. ఇక మిగిలింది ఆకుపచ్చ రంగు, పెనం, నూనె. గోదావరి కార్డు కింద నది, రాజమండ్రి, పుష్కరాలు, పాపికొండలు, పులస అని ఉంటే, ఒకరు తడుముకోకుండా కాటన్ దొర ధవళేశ్వరంలో దేనికి అడ్డంగా ఆనకట్ట కట్టించాడని అడిగి పాయింటు కొట్టేశారు. అది న్యాయమైన సూచన, దానికి నేను చప్పట్లు కొట్టాను. కానీ చార్మినార్ కార్డు మీద హైదరాబాద్, పాతబస్తీ, గాజులు, నాలుగు, కట్టడం అని మాత్రమే రాసి కులీ కుతుబ్ షాను వదిలేస్తే, ఆ ఒక్క పేరుతో కార్డు రెండు సెకన్లలో అయిపోతుంది. కనుక కార్డు రాసేవారు నిషిద్ధ పదాలను తమకు తాము ఊహించుకోకూడదు. ఆటలో లేని మనిషికి పదం చెప్పి, వినగానే ఏమేమి గుర్తుకొస్తాయో అడిగి, మొదట వచ్చిన మాటలను అక్కడికక్కడే నిషేధించాలి. అసలు కార్డుల్లో నాకు కనిపించే నేర్పు కూడా ఇదే: నాలుక చివరికి వచ్చే దారులన్నీ మూసేసి, ఎక్కడో ఒక సందు మాత్రం తెరిచి ఉంచుతారు.

ఇంగ్లిషు కార్డుల్లో అమెరికా జీవితానికి చెందిన పదాలు తగులుతుంటాయి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పెరుగుతున్న మన పిల్లలకు అవి సులువుగా అందుతాయి, ఇక్కడి పెద్దలకు అందవు; అటువంటి కార్డులను ముందే ఏరి పక్కన పెట్టండి. ఆ పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు మాత్రం ఇంట్లో రాసుకున్న తెలుగు కార్డులు బయటికి తీయండి. తాతయ్య పెసరట్టు గురించి ఆ పదం పలకకుండా వర్ణిస్తుంటే, మనవరాలు బజరు పట్టుకుని ఆయన నోటినే గమనిస్తూ నిలబడుతుంది. తెలుగు మాటలను అంత శ్రద్ధగా వినే సందర్భం ఆ పిల్లకు మరొకటి సులభంగా దొరకదు.

మార్కులు వేసే పద్ధతి నాకు లేదు. ఇసుక గడియారం మీద ఎంత కోపం ఉన్నా, ఈ ఆటను నేను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను, ఉచితంగా రాకపోయినా డబ్బు పెట్టి కొనుక్కునేవాడిని. ఇంట్లో ఇద్దరు, ముగ్గురే ఉండేవారు మాత్రం కొనవద్దు, కనీసం నలుగురు లేనిదే జట్లు కుదరవు. ఆరుగురు, ఎనిమిది మంది ఉంటేనే కాపలాకు రంగు వస్తుంది. కొన్నవారు మొదటి ఆటకు ముందే ఇసుక గడియారాన్ని తిరిగి పెట్టెలో పెట్టేసి, ఫోనులో ఒక నిమిషం అలారం గట్టిగా మోగేలా పెట్టుకోండి.