ఎండాకాలంలో మన కొండ ఏం చేస్తుంది?

అందరికీ నమస్కారం. చెట్ల గురించి మాట్లాడమన్నారు. "చెట్లు నాటండి, వానలు కురుస్తాయి" అని ఒక్క ముక్క చెప్పి కూర్చోవచ్చు, చప్పట్లు కూడా పడతాయి. కానీ ఆ మాటతో నాకు కొంచెం పేచీ ఉంది.

మార్చిలో మన తిరుపతి నుంచి అలిపిరి మెట్లెక్కుతూ పక్కనున్న శేషాచలం అడవిని చూడండి. ఎర్రచందనం, చిరిమాను చాలావరకు మోడులై ఉంటాయి. నేలలో తడి లేనప్పుడు ఆకు ఉంచుకుంటే చెట్టు తట్టుకోలేదు, అందుకే రాల్చేస్తుంది. చల్లదనం ఇచ్చేది ఆ ఆకే మరి! ఆకు మీది సన్నటి రంధ్రాల్లోంచి ఒక లీటరు నీరు ఆవిరవ్వాలంటే సుమారు 24 లక్షల జౌళ్ల వేడి కావాలి. కరెంటు లెక్కలో యూనిట్‌లో మూడింట రెండు వంతులు. నిండా ఆకున్న పెద్ద చెట్టు రోజుకు 100 లీటర్లు వదిలిందనుకోండి, 60 యూనిట్లకు పైగా వేడిని చుట్టుపక్కల నుంచి లాగేసినట్టే. ఏసీ బిల్లు కట్టేవాళ్లకు ఈ అంకె ఇట్టే అర్థమవుతుంది. ఆ వేడి మాయమైపోదు, ఆవిరితో పైకెళ్లి మేఘం కట్టేచోట బయటపడుతుంది.

అంటే ఊరు ఉడికిపోయే రోజుల్లో కొండ మీద ఈ పని చాలావరకు ఆగిపోతుంది. అప్పుడు ఆదుకునేది ఉగాది నాటికి కొత్త చిగురేసే వేప, కానుగ. అవి వీధిలో ఉండాలి, కొండ మీద కాదు.

ఇక వానల సంగతి. అమెజాన్‌లో కురిసే వానలో దాదాపు సగం ఆ అడవి వదిలిన ఆవిరే అని బ్రెజిల్ శాస్త్రవేత్త ఎనియాస్ సలాటీ 1970లలో చూపించారు. కానీ మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానకు మూలం బంగాళాఖాతం. చెట్లు అన్నిచోట్లా చల్లదనమే ఇస్తాయనీ కాదు: సైబీరియాలోనైతే ముదురు రంగు చెట్లు మంచును కప్పేసి ఎండను పీల్చుకుంటాయి, అక్కడ అడవి వల్ల వేడి పెరుగుతుంది కూడా. అలాగని చెట్ల మేలు తక్కువేం కాదు: మనుషులు వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో మూడో వంతుకు కాస్త అటూఇటూగా నేల మీది చెట్టూచేమా, మట్టీ పీల్చుకుంటున్నాయి. అది అందరూ చెప్పేదే.

శేషాచలం అసలు పని వాన పడ్డాక మొదలవుతుంది. రాలిన ఆకు చినుకు దెబ్బను కాచుకుంటుంది, వేళ్లు నీటిని లోపలికి దింపుతాయి. దానికీ హద్దుంది: 2021 నవంబరులో కురిసినట్టు కురిస్తే నేల నిండిపోయి, నీళ్లు ఊరి మీదికొస్తాయి.

ఆ రాలిన ఆకే ఎండాకాలంలో అగ్గికి మేత. 2014 మార్చిలో తిరుమల అడవిలో మంటలార్పడానికి వైమానిక దళం హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. ఆకు కాలిపోయిన చోట తర్వాతి వానకు మట్టి కొట్టుకుపోతుంది. అలాగని ఆకంతా ఊడ్చేస్తే నేల బోసిపోతుంది. అందుకే ఎండలు ముదరకముందే మంట దాటకుండా బాటల్లాగా అక్కడక్కడా మాత్రమే ఆకు తీసేస్తారు, వాటినే ఫైర్‌లైన్లు అంటారు. మొక్క నాటి ఫొటో దిగినంత అందంగా ఉండదు ఈ పని. నన్నడిగితే ముందు డబ్బు పెట్టాల్సింది మాత్రం దీనికే. ఇక మీ ప్రశ్నలు అడగండి.