నడిమధ్య పట్టుకో

వేదిక మీది పెద్దలకు, లైబ్రేరియన్ మేడమ్ గారికి, ముందు వరసలో కూర్చున్న నా పాత సహోద్యోగులకు, బడి నుంచి యూనిఫారాలతోనే వచ్చేసిన పిల్లలకు నమస్కారం. అయ్యంకి వెంకటరమణయ్య గారి గురించి, గ్రంథాలయోద్యమం గురించి నాకంటే ముందు మాట్లాడినవాళ్లు చక్కగా చెప్పారు. నాకిచ్చిన అంశం ‘సమాచార యుగంలో గ్రంథాలయం’. దానికి తప్పకుండా వస్తాను. ముందు ఒక వైరు గురించి చెప్పనివ్వండి. అది ఈ సంచిలోనే ఉంది.

నేను టెలిఫోన్ లైన్‌మ్యాన్‌గా పనిచేసి రిటైరైనవాణ్ణి. 1984 తుఫాను ఇదే నవంబరులో వచ్చింది, శ్రీహరికోట దగ్గర తీరం దాటింది. ఇక్కడున్న పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది. అప్పటికి నేనింకా మజ్దూరునే, పర్మనెంటు కాలేదు. స్తంభాలు వరి మడుల్లో పడి ఉండేవి. ఒక ఊరికి లైను నిలబెట్టాం, తీగ కట్టాం, అయినా మాట అవతలికి పోవటం లేదు. నేను ఎక్స్‌చేంజి కొస నుంచి మొదలుపెట్టి ఒక్కో స్తంభం ఎక్కి దిగుతున్నా. మా ఫోన్ ఇన్‌స్పెక్టర్ గారు సైకిలు స్టాండేసి, “ఏందయ్యా, కొసాకొస నుంచి వెతుక్కుంటా పోతే సంక్రాంతికి తేలతావు. అట్టా వెతకబాక. నడిమధ్య పట్టుకో” అన్నారు.

సగం దారిలో ఒక స్తంభం ఎక్కి, తీగలు విడదీసి, టెస్టు ఫోను తగిలించాం. ఎక్స్‌చేంజి పలికింది. అంటే ఇటు సగం మంచిదే, తప్పు అటు సగంలో ఉంది. మళ్లీ ఆ సగానికి మధ్య. నాలుగోసారికి దొరికింది. తడిసిన తాటిమట్ట ఒకటి రెండు తీగల మీదా అడ్డంగా పడి, రెంటినీ కలిపేసి ఉంది. దాన్ని లాగేస్తే మాట అవతలికి పోయింది. నా ఉద్యోగమంతా ‘నడిమధ్య పట్టుకో’ అన్న ఆ ఒక్క మాట మీదే నడిచింది.

అలాంటి నేను ఆ మాట నా ఇంట్లోనే మర్చిపోయాను. ఇవాళ నేను ఇక్కడ నిలబడింది అది చెప్పడానికే.

నా మనవరాలు ఇంజనీరింగ్ అయిపోయి మా ఇంట్లోనే ఉండి ఉద్యోగాలకు ప్రయత్నిస్తోంది. ఒక రోజు పదకొండు గంటలకి వీడియోలో ఇంటర్వ్యూ. తలకి పోసుకుని, దేవుడికి దణ్ణం పెట్టుకుని, లోపలి గదిలో లాప్‌టాప్ ముందు కూర్చుంది. నేను తలుపు బయట స్టూలు వేసుకుని కూర్చున్నా. “సార్, వినపడుతోందా సార్?” అంటోంది. మళ్లీ అదే మాట. ఆరేడుసార్లు అడిగి ఉంటుంది. తర్వాత చప్పుడు లేదు. తలుపు తీస్తే తెర మీద ఆమె ముఖమే ఆగిపోయి ఉంది, నోరు సగం తెరిచి. “తాతా, వాళ్లు వెళ్లిపోయారు” అంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

ఇంటర్నెట్ కంపెనీకి కంప్లయింటు ఇచ్చాం. ఒక అబ్బాయి వచ్చాడు. హాల్లో వైఫై బాక్సు, అదే రౌటరు, పక్కన నిలబడి తన ఫోనులో స్పీడు చూపించి, “బ్రహ్మాండంగా వస్తోంది సార్” అని వెళ్లిపోయాడు. గంటలో మెసేజి: మీ సమస్య పరిష్కరించబడింది. మళ్లీ చేశాం. మళ్లీ అదే మెసేజి. మూడోసారి, ప్లాను పెంచుకోమన్నారు. 50 మెగాబిట్ల వేగం నుంచి 100కి పెంచాం. లోపలి గదిలో రవ్వంత కూడా మారలేదు.

అయ్యా, ఇక్కడ నా బాధ ఒకటి చెప్పుకుంటాను. మా రోజుల్లో 198కి ఫోను చేసి కంప్లయింటు రాయించేవాళ్లు. లైను బాగుచేశాక మేం ఎక్స్‌చేంజికి చెప్పి ఆ ఇంటికి రింగు కొట్టించేవాళ్లం. గంట ఆ ఇంట్లో మోగాలి. ఆ ఇంటావిడ ఎత్తి హలో అనాలి. అప్పుడు గాని కంప్లయింటు మూసేవాళ్లం కాదు. మనిషి మాట్లాడకుండా, మనిషి కూర్చునే చోటికి వెళ్లకుండా ‘పరిష్కరించబడింది’ అని ఎవరు తేల్చారు? ఈ సభలో ఆ పని చేసే కుర్రాళ్లు ఉంటే చేతులెత్తి అడుగుతున్నా నాయనా: బాక్సు పక్కన నిలబడి చూపించవద్దు. ఆ ఇంట్లో పిల్ల ఎక్కడ కూర్చుని చదువుకుంటుందో అక్కడికి వెళ్లి చూపించండి. ఇంటికి పది నిమిషాలు.

మీ తప్పని కూడా పూర్తిగా అనను. ఒక్కొక్కరికి రోజుకి ఎన్ని ఇళ్లు అప్పగిస్తున్నారో నాకు తెలుసు.

ప్లాను పెంచిన వారానికి, ఒక రాత్రి నిద్ర పట్టక పడుకుని ఉంటే ఇన్‌స్పెక్టర్ గారి సైకిలు గుర్తొచ్చింది. నడిమధ్య పట్టుకో. ఇంటర్నెట్టుకి నడిమధ్య ఎక్కడ? ఆ బాక్సే. బాక్సు దాకా తీగ. బాక్సు నుంచి గాలి, అంటే వైఫై. తెల్లారి బాక్సును కంప్యూటరుకి నేరుగా కలిపే లాన్ వైరు ఒకటి కొనుక్కొచ్చి, బాక్సు వెనక పసుపు రంగు సాకెట్టులో గుచ్చి, వైఫై ఆపేసి, లాప్‌టాప్‌కి తగిలించాం. 94 వచ్చింది. అంటే తీగ మంచిది. కంపెనీ ఇవ్వాల్సింది ఇస్తూనే ఉంది. వైరు తీసేసి లోపలి గదిలో వైఫైలో చూస్తే 3. ఆ తేడా అంతా నా ఇంటి గాలిలోనే పోతోంది.

పిల్లలూ, ఇక్కడ కాస్త శ్రద్ధగా వినండి. వైరుతోనూ రాకపోతే తప్పు అటు పక్క, అప్పుడు కంపెనీని గట్టిగా అడగండి. బాక్సు మీద ఎర్ర లైటు వెలుగుతోందా, తెల్లటి సన్న ఫైబరు కిటికీ సందులో మడతపడి ఉందా చూడండి. అందులో ఉండేది గాజుపోగు, ఇరుగ్గా మడిస్తే వెలుతురు బయటికి పోతుంది. వైరుతో వచ్చి గాలిలో రాకపోతే తప్పు మన ఇంట్లోనే. అప్పుడు ప్లాను పెంచితే దండగ.

మా బాక్సు ఎక్కడ ఉందో చెప్తా. హాలు మూల, ఇనప బీరువా వెనక, నేల మీద. దుమ్ము పడకుండా మా ఇంటామె దాని మీద గుడ్డ కప్పింది. బీరువా తలుపుకి నిలువుటద్దం. ఇనుమూ అద్దం వెనక పూతా అలల్ని తిప్పికొడతాయి. దాని వెనక మా నాన్న కట్టించిన అడుగున్నర మందం రాతి గోడ. ఆ గోడ అవతల పిల్ల చదువుకుంటోంది! నడవాలో మనిషెత్తు పైన మేకు కొట్టి బాక్సును అక్కడికి మార్చాం. పొడుగు ఫైబరు వేయడానికి ఆ అబ్బాయే వచ్చాడు, మంచి పిల్లవాడు. 3 కాస్తా 40 దాటింది.

మేడమ్ గారు చీటీ పంపారు. ఐదు నిమిషాలమ్మా.

సాయంత్రం ఎనిమిదికి మాత్రం మళ్లీ ఈడ్చేది. ఫోనులో చూస్తే వీధిలో పద్నాలుగు వైఫై పేర్లు. వైఫై అలలు నడిచే 2.4 గిగాహెర్ట్జ్ అనే దారి రచ్చబండ లాంటిది, ఒకరు మాట్లాడేటప్పుడు రెండోవాళ్లు ఆగాలి. అందులో ఒకదానితో ఒకటి తగులుకోని ఛానళ్లు 1, 6, 11, మూడే. పొరుగు ఇళ్లన్నీ 6లో ఉంటే మనం 1కో 11కో జరగాలి. మైక్రోవేవ్ పొయ్యి కూడా ఆ దగ్గరలోనే అరుస్తుంది. మన ఇంట్లోదే ఒక పాత ఫోను దూరం నుంచి నత్తలా మాట్లాడుతుంటే, మిగతావాళ్లందరూ అది ముగించేదాకా కాచుకోవాలి. 5 గిగాహెర్ట్జ్ అనే ఇంకో దారిలో చోటు ఎక్కువ, వేగమూ ఎక్కువ, కాని గోడ దాటటానికి దానికి సత్తువ తక్కువ. అందుకని దగ్గరి గదికి 5, దూరపు గదికి 2.4. మేం టీవీకి వైరే ఇచ్చేశాం. కదలని వస్తువుకి గాలెందుకు?

ఇంకొక్క మాట. 100 ప్లానంటే సెకనుకి 100 మెగాబిట్లు. సినిమా దిగేటప్పుడు తెర మీద కనిపించేది తరచు మెగాబైట్లలో. ఎనిమిది బిట్లు ఒక బైటు, అంటే 12 చూపిస్తే మోసం జరిగినట్టు కాదు. దీని మీద అనవసరంగా గొడవపడ్డ ఇళ్లు నాకు తెలుసు.

ఇప్పుడు నా అంశానికి వస్తున్నా. సమాచార యుగంలో గ్రంథాలయం ఏం చేయాలి? కొనలేని వాళ్లకి పుస్తకం ఇచ్చినట్టే, పరీక్షించుకోవడానికి ఒక వైరు ఇవ్వాలి. ఏడాదికి ఒక్కరోజు పనికొచ్చేదాన్ని ప్రతి ఇంట్లోనూ కొనిపెట్టుకోమంటే ఎట్లా? మన కావలిలో ఉద్యోగాలకు తయారయ్యే పిల్లలు ఎంతమంది ఉన్నారో ఈ రీడింగు హాలు బెంచీలే చెప్తాయి. వాళ్లలో ఎవరికీ తెర మీద ముఖం అట్లా ఆగిపోకూడదు.

మేడమ్, ఇదిగో. పది మీటర్లు. రెండు కొసలూ నేనే వేశాను, ఎనిమిది తీగలూ కలిపి. కొన్ని చౌక వైర్లలో నాలుగే కలుపుతారు, వాటితో వంద దాటదు. ఇప్పటి పల్చటి లాప్‌టాప్‌లకు ఆ సాకెట్టు ఉండదు, అందుకని యూఎస్‌బీకి తగిలించే ముక్క ఒకటి దీనికే కట్టాను. పుస్తకం మాదిరే కార్డు మీద రెండు రోజులకి ఇవ్వండి. కొస ఊడితే నాకు కబురు పెట్టండి, వచ్చి వేసిపోతా. రిజిస్టరులో ఎక్కించుకోండమ్మా, పేజీ తీశారా?