మార్డేల్ లోయలో మునిగిన సత్రం

సభకు నమస్కారం.

పబ్ అనగానే మనకు హైదరాబాదు రంగుదీపాలు, చెవులు చిల్లులు పడే పాటలు గుర్తొస్తాయి. ఇంగ్లండులో పల్లెటూరి పబ్ అటువంటిది కాదు. బాటసారికి పడక, ఊరివారికి బీరు, అందరికీ కలిపి ఒక రచ్చబండ, ఇవన్నీ ఒకే కప్పు కింద సమకూర్చిన ఇల్లు. దాన్ని నడిపేవాడిని ‘ల్యాండ్‌లార్డ్’ అంటారు. పేరు భూస్వామిదే అయినా చాలాచోట్ల ఆ ఇల్లు కూడా అతనిది కాదు. మన పూటకూళ్ళ ఇల్లు నడిపినవారికే అతను దగ్గరి చుట్టం.

ఈ ల్యాండ్‌లార్డుల చరిత్ర మనకు దొరకడానికి కారణం ప్రభుత్వపు అనుమానమే. 1552 నాటి చట్టం ప్రకారం బీరు అమ్మదలచినవాడు ఇద్దరు న్యాయాధికారుల అనుమతి పొంది, తన ఇంట జూదం ఆడనివ్వననీ, అల్లరి జరగనివ్వననీ జామీను రాసివ్వాలి. 1753 నుంచి ఆ జామీనుల వివరాలను రిజిస్టర్లలో భద్రపరిచారు. భర్త పోయాక లైసెన్సును తన పేరిట మార్పించుకుని దుకాణం నడిపిన వితంతువులు వాటిలో కనిపిస్తారు. సొంతంగా వ్యాపారం నడిపిన ఆ కాలపు పల్లెటూరి స్త్రీల పేర్లు అంత సులువుగా దొరకడం అరుదు.

ఉత్తర ఇంగ్లండులోని లేక్ డిస్ట్రిక్ట్‌లో, మార్డేల్ గ్రీన్ అనే చిన్న ఊళ్ళో ‘డన్ బుల్’ అనే సత్రం ఉండేది. మట్టిరంగు ఆంబోతు అని ఆ పేరుకు అర్థం. ఏటా నవంబరులో అక్కడ గొర్రెలకాపరుల కూటమి జరిగేది. కొండల మీద మంద తప్పి వచ్చిన గొర్రెలను తోలుకొచ్చి, చెవికోతనూ ఉన్ని మీది రంగుమచ్చనూ పోల్చి చూసి, ఎవరివి వారికి అప్పగించేవారు. ఆ లెక్క తేలాక వేట, తాగుడు, పాటలు. ఏడాదిలో సత్రం యజమానికి అంతకు మించిన బేరం ఉండేదని నేను అనుకోను.

మాంచెస్టర్ నగరానికి నీళ్ళు కావలసి వచ్చి, 1919లో పార్లమెంటు ఆ లోయను ముంచడానికి అనుమతి ఇచ్చింది. 1929లో ఆనకట్ట పని మొదలైంది. 1935 ఆగస్టు 18న చర్చిలో చివరి ప్రార్థన జరిగింది. శ్మశానంలోని 97 మంది అవశేషాలను తవ్వితీసి, ఎక్కువభాగం షాప్ అనే ఊరికి తరలించారు. సత్రంతో పాటు ఊరంతా నేలమట్టమైంది. చర్చి రాళ్ళూ కిటికీలూ జలాశయపు నీళ్ళు తోడే బురుజులో చేరాయి. తూర్పు ఒడ్డున మాంచెస్టర్ నగర కార్పొరేషన్ 1937లో కొత్త హోటలు కట్టించింది. అతిథులకు గదులు దొరికాయి కానీ, గొర్రెలు తప్పిపోవడానికి ఊరే మిగలలేదు.

శ్రీశైలం నీళ్ళు తగ్గినప్పుడు సంగమేశ్వరాలయం బయటపడినట్లే, 1984 వంటి కరువు ఏళ్ళలో మార్డేల్ కూడా పైకి తేలుతుంది. పగుళ్ళిచ్చిన బురద మధ్య చిన్న రాతి వంతెన ఒకటి ఇంకా నిలిచే ఉంటుంది. చూడవచ్చినవారు దాన్ని దాటి, మోకాలెత్తు గోడల మధ్య ఊరి పాత బాట పట్టి నడుస్తారు.