దారితప్పిన కళాసీలు చెప్పగా రాసిన పుస్తకాలు: పెర్రీ కంటే ముందటి జపాన్ కథ

[తెర మీద: ఎడో అఖాతం పాత మ్యాప్. 1853 జులై.]

జపాన్ పాశ్చాత్యుల్ని ఎలా ఎదుర్కొందో చెప్పే పుస్తకాల్లో చాలావాటికి మొదటి పేజీ ఒకటే. 1853 జులైలో అమెరికా నౌకాదళాధికారి మాథ్యూ పెర్రీ నాలుగు నల్ల ఓడలతో ఉరాగా రేవు ముందు లంగరు వేశాడు. వాటిలో రెండు ఆవిరి ఓడలు. ఫిరంగులు చూపించి జపాన్ తలుపులు తెరిపించాడు, అప్పటిదాకా ఆ దేశం కళ్లు మూసుకుని కూర్చుంది అంటారు.

ఆ మొదలు నాకు సరైనదిగా అనిపించదు. పెర్రీ రావడానికి ఏడాది ముందే, 1852లో, తోసా సంస్థానంలో ఒక చిత్రకారుడు ఒక జాలరి యువకుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని అమెరికా గురించి అడిగి అడిగి పుస్తకం రాశాడు. దానికి దాదాపు అరవై ఏళ్ల ముందు రష్యా మీద ఇంకో పుస్తకం అలాగే తయారైంది. గాలివానకు కొట్టుకుపోయి, ప్రాణాలతో తిరిగొచ్చిన కళాసీలు నోటితో చెబితే చదువుకున్నవాళ్లు రాసిన పుస్తకాలివి. ఈ చరిత్ర చదవాలనుకునేవాళ్లు పెర్రీ దగ్గర కాదు, వీటి దగ్గర మొదలుపెట్టాలని నా గట్టి నమ్మకం. ఎందుకో చెబుతాను.

[తెర మీద: ఒంటి తెరచాప సరుకు ఓడ బొమ్మ. చుక్కాని మీదికి జూమ్.]

ముందు ఈ ఓడ చూడండి. ఒసాకా నుంచి ఎడోకి, అంటే ఇవాళ్టి టోక్యోకి, బియ్యం, నూలుబట్ట, సారా మోసిన ఓడ ఇది. ఒకే కొయ్య, దానికి ఒకే పెద్ద చదరపు తెరచాప. వెనక భారీ చుక్కాని. లోతు తక్కువ రేవుల్లో ఆ చుక్కానిని పైకి లేపుకునే వీలుండేది. ఒడ్డు వెంట నడపడానికి ఇంతకంటే అనువైన ఓడ ఉండదు. ఒడ్డు వదిలితే మాత్రం కష్టాలే. చలికాలంలో వాయవ్యం నుంచి వీచే గాలి ఓడను నడిసముద్రంలోకి తోస్తుంది. అలల దెబ్బకు ముందుగా విరిగేది ఆ చుక్కానే. ఓడ తిరగబడకుండా ఉండాలంటే తెరచాప కొయ్యను తామే నరికేయాలి. ఇక ఆ తర్వాత కురోషియో అనే సముద్ర ప్రవాహం ఎటు తీసుకుపోతే అటే. కళాసీలు తలమీది జుట్టుముడి కోసి దేవుడికి అర్పించేవాళ్లు. భూమి ఎటుందో తెలుసుకోవడానికి గుడిలో తీసినట్టే చీటీలు తీసేవాళ్లు.

ప్రాణాలు దక్కినా ఇల్లు చేరతామన్న నమ్మకం లేదు. 1635లో షోగన్, అంటే అప్పట్లో జపాన్‌ని ఏలిన సైనిక పాలకుడు, ఇచ్చిన ఆజ్ఞ ప్రకారం జపాన్ మనిషి విదేశానికి వెళ్లినా, వెళ్లి తిరిగొచ్చినా మరణశిక్షే. తర్వాతి కాలంలో కొట్టుకుపోయి వచ్చినవాళ్లను చంపకుండా విచారణతో వదిలేవాళ్లు కానీ, ఆ భయం పోలేదు. 1641 నుంచి యూరప్ వాళ్లలో డచ్చివాళ్లకొక్కళ్లకే చోటు, అదీ నాగసాకి రేవులోని డెజిమా అనే చిన్న కృత్రిమ దీవిలో. మచిలీపట్నంలో కోఠీ పెట్టిన డచ్చి ఈస్టిండియా కంపెనీయే అక్కడా ఉంది. మన కోరమండల్ తీరం బట్టలు దాని ఓడల్లోనే జపాన్ చేరేవి, జపాన్ రాగి ఈ తీరానికి వచ్చేది.

[తెర మీద: షిరోకో నుంచి అల్యూషన్ దీవులకు, అక్కడి నుంచి సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు గీత.]

1783 జనవరి. ఇసె ప్రాంతంలోని షిరోకో రేవు నుంచి షిన్షో మారు అనే ఓడ ఎడోకి బయల్దేరింది. సరంగు పేరు దైకొకుయా కొదయూ. అతనితో కలిపి పదిహేడుమంది. గాలివానలో చుక్కాని పోయింది. నెలల తరబడి కొట్టుకుపోయి, అలాస్కా వైపు అల్యూషన్ దీవుల్లో ఒకటైన అమ్‌చిత్కాకి చేరారు. అప్పటికే ఒకరు పోయారు. అక్కడ అల్యూట్ జనమూ, బొచ్చు జంతువుల తోళ్ల కోసం వచ్చిన రష్యన్లూ ఉన్నారు. రష్యన్లను తీసుకెళ్లడానికి వచ్చిన ఓడ కూడా అక్కడే పగిలిపోయింది. అప్పుడు జపాన్ వాళ్లూ రష్యన్లూ కలిసి, పగిలిన ఓడ చెక్కలూ ఒడ్డుకు కొట్టుకొచ్చిన దుంగలూ ఏరి కొత్త ఓడ కట్టుకున్నారు. ఆ దీవిలో నాలుగేళ్లు గడిచాయి, ఏడుగురు చనిపోయారు.

కమ్చత్కాలో ఇంకో ముగ్గురు పోయారు. అక్కడే ఫ్రెంచి యాత్రికుడు లెసెప్స్ కొదయూని కలిశాడు. తోటి కళాసీలకు ఈ సరంగంటే ఎంత గౌరవమో తన యాత్రా గ్రంథంలో రాశాడు. 1790లో ఆ పుస్తకం యూరప్‌లో అచ్చయ్యేనాటికి కొదయూ సైబీరియాలోని ఇర్కుత్స్క్‌లో, ఇంటికి పంపమని అర్జీల మీద అర్జీలు పెట్టుకుంటున్నాడు. రష్యన్లు ఒప్పుకోలేదు, జపనీస్ నేర్పే పంతుళ్లుగా ఇక్కడే ఉండిపొమ్మన్నారు. షోజో అనే కళాసీకి చలికి కాలు కుళ్లి, తీసేయాల్సొచ్చింది. అతనూ, షింజో అనే మరొకతనూ క్రైస్తవం పుచ్చుకుని అక్కడే ఉండిపోయారు. జపాన్‌లో క్రైస్తవం నిషేధం కాబట్టి ఆ క్షణంతో వాళ్లకు ఇంటి దారి మూసుకుపోయింది. వాళ్లను వదిలి రావడం కొదయూకి ఎంత బరువైందో ఊహించుకోండి.

కిరిల్ లాక్స్‌మన్ అనే ప్రకృతి శాస్త్రవేత్త పూనుకుని అతన్ని రష్యా రాజధాని సెయింట్ పీటర్స్‌బర్గ్‌కి తీసుకెళ్లాడు. 1791లో మహారాణి కేథరిన్ కొదయూ కథ విని జాలిపడింది, పంపడానికి ఒప్పుకుంది. 1792లో లాక్స్‌మన్ కొడుకు ఆదమ్ రాయబారిగా వచ్చిన ఓడలో ముగ్గురు హొక్కైదోలోని నెమురోలో దిగారు. ఒకరు అక్కడే జబ్బుచేసి చనిపోయారు. ఎడో చేరింది ఇద్దరు.

1793లో షోగన్ ఇయెనారి సమక్షంలో విచారణ జరిగింది. రష్యాలో మన సంగతులు ఏమైనా తెలుసా అని అధికారులు అడిగారు. అంతా తెలుసు, కత్సురాగావా హోషూ, నాకగావా జున్‌ఆన్ అనే పేర్లు కూడా తెలుసు అన్నాడు కొదయూ. ఆ హోషూ అదే సభలో ఉన్నాడు! షోగన్ గారి వైద్యుడు, డచ్చి విద్యలు తెలిసినవాడు. 1776లో డెజిమా నుంచి ఎడో వచ్చిన స్వీడన్ వైద్యుడు థున్‌బెర్గ్ ఈ ఇద్దరితో స్నేహం చేసి, వాళ్ల గురించి తన పుస్తకంలో రాసుకున్నాడు. అలా ఆ పేర్లు యూరప్ అంతా తిరిగి ఒక కళాసీ నోట ఎడోకే తిరిగొచ్చాయి.

ఆ హోషూయే కొదయూని కూర్చోబెట్టి అడిగి 1794లో 'హొకుసా బున్‌ర్యకు' రాశాడు. రష్యన్ల తిండి, బట్టలు, ఇళ్లు, వైద్యశాలలు, నాణేలు, చివర రష్యన్ మాటల పట్టిక. కొదయూ చెప్పినదాన్ని డచ్చి పుస్తకాలతో పోల్చి చూశాడు కూడా. ఇంత మంచి పుస్తకాన్ని ప్రభుత్వం అచ్చువేయనివ్వలేదు. కొదయూ 1828లో పోయేదాకా ఎడోలోనే అధికారుల కనుసన్నల్లో బతికాడు.

[తెర మీద: కునషిర్ దీవి.]

దీనికి ఎదురు కథ ఒకటి క్లుప్తంగా చెప్పాలి. 1811లో రష్యన్ నౌకాధికారి గొలోవ్నిన్ హొక్కైదో పక్కనున్న కునషిర్ దీవిలో జపాన్ వాళ్లకు చిక్కి, 1813 దాకా ఖైదులో ఉన్నాడు. తిరిగెళ్లి ఆ అనుభవాలు రాశాడు. బందీ అయినా కక్షతో రాయలేదు, జపాన్ వాళ్ల చదువునూ మర్యాదనూ మెచ్చుకున్నాడు. ఆ పుస్తకం డచ్చిలోకి, అందులోంచి 1825కల్లా జపనీస్‌లోకి వచ్చింది. ఖైదీ తమ గురించి ఏం రాశాడో చూసుకోవాలనుకున్న దేశాన్ని కళ్లు మూసుకున్న దేశం అనడం అన్యాయం.

[తెర మీద: తోరిషిమా దీవి, తిమింగలాల వేట ఓడ.]

ఇక ఆ జాలరి. పేరు మంజిరో. 1841 జనవరిలో తోసా నుంచి చేపలకు వెళ్లిన ఐదుగురిలో అందరికంటే చిన్నవాడు. మనుషులు లేని తోరిషిమా దీవిలో సముద్రపక్షుల్ని తిని బతికారు. జూన్‌లో అమెరికా తిమింగలాల వేట ఓడ జాన్ హౌలాండ్ వాళ్లను ఎక్కించుకుంది. నలుగురు హోనొలులులో దిగిపోయారు. కెప్టెన్ విలియం విట్‌ఫీల్డ్ మంజిరోని తన ఊరు, మసాచుసెట్స్‌లోని ఫెయిర్‌హేవెన్‌కి తీసుకెళ్లి బడిలో వేశాడు. అక్కడ అతను నౌకాయానం చదివాడు, వేట ఓడ మీద సముద్రాలు చుట్టాడు, 1850లో కాలిఫోర్నియా గనుల్లో బంగారం తవ్వి ఖర్చులకు కూడబెట్టుకున్నాడు. హోనొలులులో పాత తోటివాళ్లు ఇద్దరిని కలుపుకుని, ఒక చిన్న పడవ కొని ఓడలో వేసుకుని, 1851లో ఆ పడవలోనే ఒకినావా ఒడ్డుకి చేరాడు. కొట్టుకుపోయినవాడు లెక్కవేసుకుని తిరిగి రావడం అంటే ఇదీ!

ఒకినావా, కగోషిమా, నాగసాకి, ఒకచోట తర్వాత ఒకచోట విచారణలు. చివరికి తోసాలో కవాదా షోర్యో అనే చిత్రకారుడి చేతిలో పడ్డాడు. మంజిరోకి జపనీస్ చదవడం రాయడం రాదు, మాట కూడా సగం మరిచిపోయాడు. షోర్యో అతనికి జపనీస్ నేర్పుతూ, అతని దగ్గర ఇంగ్లీషు నేర్చుకుంటూ 'హ్యోసొన్ కిర్యకు' రాశాడు. ఓడలు, రైలు, పట్నాలు, ప్రపంచ పటం, అన్నీ బొమ్మలతో.

పెర్రీ రాగానే మంజిరోని ఎడోకి పిలిపించి సమురాయ్ హోదా ఇచ్చారు. కానీ 1854 చర్చల్లో అతన్ని దగ్గరికి రానివ్వలేదు. అమెరికన్ల వైపు మొగ్గుతాడేమోనని మితో ప్రభువు తొకుగావా నరిఅకి అనుమానం. అమెరికాని లోపలినుంచి తెలిసిన మనిషి పక్కనే ఉండగా, డచ్చి, చైనా భాషల మీదుగా మాట్లాడుకున్నారు. ఇది నాకు ఎప్పటికీ బాధ కలిగించే విషయం. అతను మాత్రం ఆగలేదు. అమెరికా నావికులు వాడే బౌడిచ్ నౌకాయాన గ్రంథాన్ని జపనీస్‌లోకి తెచ్చాడు. 1860లో కన్రిన్ మారు ఓడ పసిఫిక్ దాటి సాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లినప్పుడు అందులో దుబాసీగా ఉన్నాడు.

[తెర మీద: నాలుగు పుస్తకాల పేర్లు.]

ఎక్కడ మొదలుపెట్టాలి? ముందు 'హ్యోసొన్ కిర్యకు' చదవండి. 2003లో బొమ్మలతో సహా ఇంగ్లీషులో వచ్చింది, కష్టపడకుండా చదవొచ్చు. తర్వాత గొలోవ్నిన్. రెండు వందల ఏళ్లనాటి ఇంగ్లీషు అనువాదం ఉంది, భాష పాతదైనా కథ పరుగెత్తిస్తుంది. థున్‌బెర్గ్, లెసెప్స్ పుస్తకాలు మొత్తం చదవక్కర్లేదు. థున్‌బెర్గ్‌లో ఎడో ప్రయాణం, లెసెప్స్‌లో కొదయూ కనబడే పేజీలు చాలు. పెర్రీ యాత్ర మీద రాసిన లావు పుస్తకాలు ఇవన్నీ అయ్యాకే తెరవండి, పక్కన పసిఫిక్ మ్యాప్ ఒకటి పెట్టుకుని.